చివర కలిపిన పదహారు పేజీలు

బైండింగు గది,
సోమవారం, భోజనాల వేళ

ప్రియమైన చిట్టికి,

"ప్రియమైన" అన్నది అలవాటు కొద్దీ పడిపోయింది. కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని వదిలేశాను. నువ్వేం మురిసిపోనక్కర్లేదు.

ఐదేళ్ళ తర్వాత నీకు ఉత్తరం రాస్తున్నాను. ప్రతి ఆదివారం రాసే మనిషి ఉన్నట్టుండి ఎందుకు మానేసిందో నువ్వు ఒక్కసారీ అడగలేదు. అక్కకి పనెక్కువై ఉంటుందిలే అనుకున్నావేమో. లేదా అసలేమీ అనుకోలేదేమో. నీ నవల అచ్చయి ఇంటికొచ్చిన రోజున మానేశాను. మొదటి పేజీలో "అమ్మకు" అని వేయించావు. అమ్మ మొహం వెలిగిపోయింది. వచ్చిన వాళ్ళందరికీ "మా చిట్టి రాసింది, మా చిట్టి" అని చూపించింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని నేనే చదివి వినిపించాను. ముప్ఫయ్యో పేజీ దగ్గర నా గొంతు ఆగిపోయింది. "ఏమైందే, చదువు" అంది అమ్మ. పొలమారిందని చెప్పి మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాను.

మంచాన పడ్డ తల్లి, ఇద్దరు కూతుళ్ళు. పేర్లు మార్చావు. ఇల్లు మార్చావు. అమ్మకి ఎడమ పక్క పడిపోతే నీ నవలలో కుడి పక్క పడిపోయింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ తల్లి పడిపోయిన వారానికే సూట్‌కేసు సర్దుకుని, "మూడు నెలల్లో వచ్చేస్తా" అని చెప్పి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది ఎవరే? నీ నవలలో పెద్దది! ఉద్యోగం సగం పూటకి తగ్గించుకుని, కుదిరిన సంబంధం వదులుకుని తల్లి దగ్గర ఉండిపోయింది ఎవరు? నీ నవలలో చిన్నది! ఆ సూట్‌కేసు నీది. నీలం రంగుది. జిప్పు పాడైతే నేనే కుట్టి ఇచ్చాను. దాన్ని పట్టుకెళ్ళి నా చేతిలో పెట్టావు.

అంతటితో ఆగితే నేను పళ్ళు నూరుకుని ఊరుకునేదాన్ని. అమ్మకి స్నానం చేయించే ముందు నీళ్ళు తన మోచేతి మీద పోసుకుని చూడటం, దుప్పటి మార్చేటప్పుడు అమ్మ సిగ్గుపడకూడదని కిటికీలోంచి కనిపించే వాళ్ళందరి మీదా జోకులు వేయడం, జావ తాగనంటే "సరే, నేను తాగేస్తున్నా" అని గ్లాసు లాక్కోవడం, ఇవన్నీ నీ చిన్నదానికి అంటగట్టావు. నీకెలా తెలుసు ఇవన్నీ? నా ఉత్తరాల్లోంచే కదూ. నేను ఆదివారం ఆదివారం నా కష్టసుఖాలు చెల్లెలికి చెప్పుకుంటున్నాననుకున్నాను. నువ్వు నోట్సు రాసుకుంటున్నావు.

అప్పుడే అరిచి గోల చెయ్యాల్సింది. చెయ్యలేదు. చుట్టుపక్కల వాళ్ళకి నిజం తెలుసు, అమ్మకి తెలుసు, ఇంకెవరికి తెలిస్తే నాకేం అనుకున్నాను. పైగా అమ్మ సంతోషం చూస్తే నోరు రాలేదు. అక్కడే తప్పు చేశాను.

ఇప్పుడు సంగతి విను. రెండేళ్ళుగా అమ్మకి జ్ఞాపకం సడలుతోంది. నీకు ఫోన్లో చెప్పాను, "వయసు కదక్కా" అన్నావు. ఆమె వినేది ఒకే ఒక్క పుస్తకం, నీది. ఇప్పటికి పదకొండు సార్లు చదివాను. అసలు గుర్తులు ఒక్కొక్కటే జారిపోతున్నాయి, జారిన చోటల్లా నీ నవల వచ్చి కూర్చుంటోంది. నీ పుస్తకం ఆమెకి కథ కాదిప్పుడు, ఆమె బతుకు. డాక్టరు గారు ఇంటికొస్తే ఆయనతో ఏం చెప్పిందో తెలుసా? "నా చిన్నకూతురండీ, నా కోసం అన్నీ మానుకుంది. పెద్దది ఉండేది, వెళ్ళిపోయింది. దాని సంగతి ఎత్తకండి." నేను జావ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆ చిన్నకూతురు నేనేనట. "చిట్టీ, డాక్టరు గారికి టీ ఇవ్వమ్మా" అంది.

ఒకసారి ఉండబట్టలేక, "నేను చిట్టిని కాదమ్మా, పెద్దపాపని" అన్నాను. ఆమె మొహం పాలిపోయింది. మంచి చేత్తో నన్ను నెట్టేసింది. "నువ్వా? ఎందుకొచ్చావే? నా చిట్టి ఏది?" అని గోడ వైపు తిరిగింది. రెండు పూటలు నా చేతి జావ తాగలేదు. సాయంత్రం గదిలోకి కొత్తగా వచ్చినట్టు వచ్చి, "అమ్మా, చిట్టిని వచ్చాను" అన్నాను. అప్పుడు తాగింది. ఆ రోజు నుంచి నా ఇంట్లో నేను నువ్వుగా బతుకుతున్నాను.

చివరికి రోజూ ఒకటే అడుగుతుంది. పుస్తకం అయిపోగానే, "ఆ పెద్దది తర్వాత ఏమైందే? అది బాగుపడిందా? బాగుపడకూడదు" అంటుంది. నా మొహంలోకి చూస్తూ అంటుంది!

డాక్టరు గారు చెప్పేదేంటంటే, ఇంకొన్నాళ్ళు పోతే ఈ మాత్రం కూడా మిగలదు. అది మిగిలి ఉండగానే నువ్వు రావాలి. మంచం పక్కన కూర్చుని, "అమ్మా, నేను తిరగేసి రాశాను, నీ దగ్గరున్నది అక్క" అని నీ నోటితో చెప్పాలి. నా మాట నమ్మదు, నీ మాట నమ్ముతుంది. నాకు బహుమతులు వద్దు, పొగడ్తలు వద్దు. మా అమ్మ నోట నా పేరు కావాలి. నెలాఖరు వరకు చూస్తాను.

ఇట్లు,
నీ నవలలో సూట్‌కేసు పట్టుకున్న మనిషి


బైండింగు గది,
బుధవారం

మహా రచయిత్రి గారికి,

మీ జవాబు అందింది. అర పేజీ. టైపు చేయించి కింద సంతకం మాత్రం చేతితో పెట్టారు, ధన్యురాలిని.

"అక్కా, అది కల్పన. పాత్రలకి కథ అయిపోయాక జీవితం ఉండదు. పుస్తకం మూసేస్తే వాళ్ళు లేరు. నువ్వు ఊరికే మనసు పాడు చేసుకుంటున్నావు." ఇదీ నువ్వు రాసింది. అమ్మ గురించి ఒకే ఒక్క వాక్యం, "అమ్మని జాగ్రత్తగా చూసుకో" అని! చదివి నవ్వాలో ఏడవాలో తెలియక జిగురు గిన్నెలో చెయ్యి పెట్టేశాను.

పుస్తకం మూసేస్తే వాళ్ళు లేరా? రా, మా గదికి వచ్చి చూడు. ఈ లైబ్రరీలో ఒక పద్ధతి ఉంది, నీకెప్పుడూ చెప్పలేదు. నాకు పని నేర్పిన ముసలి బైండరు గారు పెట్టింది. పాఠకులు ఆఖరి పేజీ అంచుల్లో గిలికేస్తున్నారని ఆయనకి ఒళ్ళు మండేది. "పెళ్ళయ్యాక వాళ్ళు సుఖపడ్డారా?" అని ఒకరు రాస్తే, "రెండేళ్ళకే విడిపోయి ఉంటారు" అని ఇంకొకరు రాసేవారు. "రాసుకోకుండా ఆపలేం, అచ్చు పేజీ పాడవకుండా ఆపగలం" అని ఆయన కుట్టు వేసే ప్రతి నవలకీ వెనకాల నాలుగు తెల్ల కాగితాలు కలపడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఊరందరికీ అలవాటు. నవల చదివి, పెన్సిలు తీసి, ఆ తర్వాత ఏమైందో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. చనిపోయిన వాళ్ళని కూడా కొందరు బతికించేస్తారు.

నీ నవల ఇక్కడ ఏడు కాపీలుంది. జనం చేతుల్లో నలిగి, ఏడాదికోసారి నా బల్ల మీదికి వస్తుంది. ఆ తెల్ల కాగితాల్లో నా గురించి ఏం రాశారో చెప్పనా? "పెద్దదాని కాళ్ళు పడిపోవాలి." "తిండికి వెతుక్కోవాలి." "ఇలాంటి కూతురు కన్నా లేకపోవడం నయం." ఒక పెద్దాయన కాబోలు, అందమైన చేతిరాత, "దానికి కూతురు పుట్టి, అదీ ఇలాగే వదిలేసి పోవాలి" అన్నాడు. నాకు పెళ్ళే కాలేదు, తాతా! ఈ శాపనార్థాలన్నీ నేనే పొందిగ్గా సర్ది, నా చేత్తోనే కుట్టి, కొత్త అట్ట వేసి మళ్ళీ అలమరలో పెట్టాను. ఐదేళ్ళుగా పెడుతున్నాను.

ఇక పెట్టను. కథ అయిపోయాక పాత్రలకి జీవితం ఉండదంటావా? నేనిచ్చాను.

ఆఫీసు కంప్యూటరు మీద భోజనాల వేళ రెండు వేళ్ళతో టైపు చేశాను. నీ నవల రెండు వందల ఎనిమిదో పేజీతో అయిపోయింది కదా, నాది రెండు వందల తొమ్మిదితో మొదలైంది. అవే అక్షరాలు, అవే అంచులు, అదే రంగు కాగితం. సరిగ్గా పదహారు పేజీలు, అంటే ఒకేసారి కుట్టే ఒక కట్ట, మా మాటలో ఫారం. బైండరుకి పదహారు పేజీల లెక్క ఒంటికి పట్టి ఉంటుంది, అటూ ఇటూ పోదు.

ముందు నిన్ను చంపేద్దామనుకున్నాను. కోప్పడకు, కథలోనే. తర్వాత, చావు తేలిక కదా అనిపించి మంచాన పడేశాను. పక్షవాతం. చూసేవాళ్ళు ఎవరూ లేరు. తడిసిన దుప్పటి మీద పడుకుని పిలుస్తూ ఉంటావు, ఎవరూ రారు. ఆహా, ఎంత బాగా రాస్తున్నానో అనుకున్నాను. అంతలో ఏమైందంటే, ఆ దుప్పటి అలా ఉండిపోవడం నా వల్ల కాలేదు. తొమ్మిదేళ్ళుగా అమ్మకి చేసిన చెయ్యి, చిట్టీ. తడి దుప్పటి కనిపిస్తే కాగితం మీదైనా సరే మార్చేదాకా ఊరుకోదు. ఇంకొక్క వాక్యం రాస్తే నేనే లోపలికొచ్చి నీకు సేవలు చేసేలా ఉన్నాను. ఛీ అనుకుని మొత్తం చింపేశాను.

అప్పుడు తోచింది అసలుది. నీ చిన్నదానికి సన్మానం పెట్టాను. పెద్ద హాలు, మాతృసేవకు బిరుదు, వేదిక మీద పూలకుండీలు. అందరూ చప్పట్లు కొడతారు. ముందు వరసలో ఒక ముసలి నర్సు లేచి, చాలా మర్యాదగా, "అమ్మా, ఎడమ పక్క పడిపోయిన మీ అమ్మగారిని పక్కకి తిప్పేటప్పుడు మొట్టమొదట ఏం చేసేవారు?" అని అడుగుతుంది. చిన్నదానికి తెలియదు.

నీకూ తెలియదు. నా ఉత్తరాల్లో లేదు గనక. ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తిప్పే ముందు పడిపోయిన చెయ్యిని తీసి ఆమె గుండెల మీద పెట్టాలి. లేకపోతే ఒంటి కింద నలిగిపోతుంది, ఆమెకి తెలియను కూడా తెలియదు. మొదటి నెలలో నేను పెట్టలేదు. మధ్యాహ్నమంతా అమ్మ తన చేతి మీదే పడుకుంది. తీసి చూస్తే నల్లగా కమిలిపోయి ఉంది. ఆమె "ఏం కాలేదులే" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి గోడకి తల కొట్టుకున్నాను. సిగ్గేసి నీకు రాయలేదు. నేను సిగ్గుపడి దాచుకున్న ఆ ఒక్కటే నువ్వు ఎత్తుకుపోలేకపోయావు.

వేదిక మీద నీ చిన్నది నోరెళ్ళబెడుతుంది. నర్సు మళ్ళీ అడుగుతుంది. ఇక తప్పక మైకు ముందే ఒప్పుకుంటుంది, "వెళ్ళిపోయింది నేను. ఉన్నది అక్క. ఆమె ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు. నేను తిరగేసి చెప్పాను" అని. జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. ఖాళీ కుర్చీల ముందు అది నిలబడి ఉంటుంది. అంతే, సమాప్తం.

ఏడు కాపీలకీ కుట్టేశాను. అతుకు ఎక్కడుందో ముసలి బైండరు గారు లేచొచ్చి వెతికినా దొరకదు. నిన్ననే ఐదు కాపీలు పాఠకులు తీసుకెళ్ళిపోయారు.

మనసు పాడు చేసుకోకు, చిట్టీ. అది కల్పనే.

నీ అక్క


బైండింగు గది,
ఆదివారం. సెలవైనా వచ్చి కూర్చున్నాను, ఇంట్లో పక్కింటావిడ అమ్మ దగ్గరుంది.

చిట్టీ, నా బంగారుతల్లీ,

ఈసారి కొట్టేయాలని కూడా అనిపించలేదు. నిజంగానే ముద్దొస్తున్నావు.

మూడు నెలలు నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను భయపడ్డాను కూడా. పోలీసులొస్తారనుకున్నాను, లైబ్రేరియన్ గారు పిలిచి ఉద్యోగం ఊడగొడతారనుకున్నాను. ఎవరో పాఠకురాలు ఆ పదహారు పేజీలు ఫొటోలు తీసి నలుగురికీ పంపిందట, వాళ్ళు నలభై మందికి పంపారట. "ఈ ముగింపు మా కాపీలో లేదే" అని ఎక్కడెక్కడి వాళ్ళో మా లైబ్రరీకి ఫోన్లు. లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి కళ్ళజోడు తీసి, "మీకేమైనా తెలుసా?" అన్నారు. "కుట్టడం నా పని సార్, చదవడం కాదు" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పోనీలెండి" అన్నారు. మంచాయన.

ఇవాళ పొద్దున పేపరు చూశాను. అర పేజీ నీ బొమ్మ. "ఐదేళ్ళు నన్ను వెంటాడిన ముగింపు ఇది. చివరికి రాయకుండా ఉండలేకపోయాను. మొదట నా సొంత ఊరి లైబ్రరీలో పెట్టి, పాఠకుల నాడి చూశాను" అని నువ్వు చెప్పావు. నువ్వు! రాసింది నువ్వు!

చేతిలో టీ గ్లాసుంటే విసిరేసేదాన్ని. నా తొమ్మిదేళ్ళు ఎత్తుకుపోయింది చాలక, నా పగ కూడా ఎత్తుకుపోతావా? కనీసం నా తిట్లు నాకు మిగల్చవా? నోటికొచ్చిందల్లా తిడుతూ గదంతా తిరిగాను. విలేఖరి అడిగాడట, "నవలంతా తల్లికి కుడి చెయ్యి కదా పడిపోయింది, కొత్త అధ్యాయంలో ఎడమ అయింది, ఎందుకండీ?" అని. అది నా పొరపాటు. నాకు అమ్మ చెయ్యే కళ్ళ ముందుంటుంది, నీ నవలలో చెయ్యి కాదు. నువ్వేమన్నావు? "కుడి అనేది చిన్నది చెప్పిన అబద్ధానికి ప్రతీక. ఎడమ నిజానికి ప్రతీక. కావాలనే మార్చాను" అన్నావట. అక్కడ మాత్రం కోపం ఎటుపోయిందో, పడీ పడీ నవ్వాను. అబ్బో, ఏం బుర్రే నీది!

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. పేపరు తీసి మళ్ళీ చదివాను. ఆ పదహారు పేజీలు నీవి అంటున్నావు. వేదిక మీద నిలబడి "వెళ్ళిపోయింది నేను, ఉన్నది అక్క" అన్న వాక్యం నువ్వే రాశానంటున్నావు. "ఇది నా జీవితంలోంచి వచ్చిన నవల" అని ఐదేళ్ళుగా ఊరూరా చెప్పింది కూడా నువ్వే. పిచ్చిదానా, నువ్వేం చేశావో నీకు తెలిసిందా? నేను నిన్ను అడిగింది ఇదే. మంచం పక్కన కూర్చుని చెప్పమన్నాను, రానన్నావు. ఇప్పుడు ఊరందరి ముందూ, నీ ఫొటో వేసి, నీ పేరు పెట్టి, నువ్వే చెప్పావు. పొగడ్త కనిపిస్తే నువ్వు ఊరుకోలేవు కదా. నేను వలేం పన్నలేదు తల్లీ, నీ అంతట నువ్వే నడిచొచ్చి కూర్చున్నావు.

కొత్త ముద్రణ వస్తోందట, చివరి అధ్యాయంతో కలిపి. చాలా సంతోషం. ఒక్క ముక్క మార్చావో, ఆ పేజీలు మొదట ఎవరి కంప్యూటరులో, ఏ తారీఖున టైపయ్యాయో చూపించడం నాకు క్షణం పని. ఒక్క కామా కూడా కదల్చకు. మొదటి పేజీలో "అమ్మకు" అని అలాగే ఉంచు. నీ సంతకం పెట్టి ఒక కాపీ అమ్మకి పంపు. చదివి వినిపిస్తాను. ఈసారి గొంతు ఆగదులే.

నీ మేలు కోరే
పెద్దపాప


ఇల్లు,
మంగళవారం మధ్యాహ్నం, అమ్మ నిద్రపోతోంది

చిట్టీ,

పుస్తకం అందింది. మాట నిలబెట్టుకున్నావు, ఒక్క కామా కదల్చలేదు. ఈ ఉత్తరం ఎగతాళిగా రాద్దామని కూర్చున్నాను గానీ ఎగతాళి రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి పేజీ నుంచీ చదివాను, దాటవేయలేదు. తొమ్మిది రోజులు పట్టింది. ఆఖరి పదహారు పేజీలు మిగిలిన రోజున అమ్మకి తల దువ్వి, దిండు ఎత్తు పెట్టి కూర్చోబెట్టాను. సన్మానం దగ్గర చిరునవ్వు నవ్వింది. నర్సు అడిగిన ప్రశ్న దగ్గర నవ్వు పోయింది. నేను చదువుతూనే ఉన్నాను, ఆమె మంచి చేత్తో తన ఎడమ చెయ్యి ఎత్తి గుండెల మీద పెట్టుకుంది. నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా ఆగలేదు. "వెళ్ళిపోయింది నేను. ఉన్నది అక్క." ఆ మాట రెండుసార్లు చదివాను. కావాలనే. తర్వాత జనం లేచిపోవడం, ఖాళీ కుర్చీలు, అయిపోయింది. పుస్తకం మూసి, "ఇది చిట్టి రాసిందమ్మా, దాని పేరు కూడా ఉంది చూడు" అన్నాను. ఆమె వేలితో పేరు తడిమింది.

నేను ఎదురు చూశాను. నా చెయ్యి పట్టుకుంటుంది, ఏడుస్తుంది, క్షమించమంటుంది అనుకున్నాను. నిన్ను తిడుతుంది అనుకున్నాను. దాచడం ఎందుకు, ఆమె నిన్ను తిట్టాలని నాకు చాలా కోరికగా ఉండింది. ఏడు కాపీలు కుట్టింది అందుకే.

అమ్మ పుస్తకం మీంచి వేలు తీసింది. "మరి ఆ చిన్నది ఏమైందే? అందరూ వెళ్ళిపోతే ఒక్కతే ఎలా దిగింది వేదిక? ఇంటికి ఎవరైనా తీసుకెళ్ళారా?" అంది. కళ్ళనిండా నీళ్ళు. నీ కోసం!

ఒళ్ళు భగ్గుమంది. "అమ్మా! అబద్ధం చెప్పింది అది! ఇన్నాళ్ళూ నిన్ను మోసం చేసింది! దాని గురించి ఏడుస్తావేంటి? మరి ఆ పెద్దదాని సంగతో? దాని గురించి ఒక్క ముక్క అడగవే?" అని అరిచాను. నిజంగా అరిచాను చిట్టీ, మంచాన ఉన్న మనిషి మీద. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది కూడా.

అమ్మ నా వంక విసుగ్గా చూసింది. "దానికేమే? ఇక్కడే ఉందిగా" అంది. అని, "పెద్దపాపా, కాసిని మంచినీళ్ళివ్వు. గొంతు ఎండిపోతోంది" అంది.

మంచినీళ్ళకి వెళ్ళి వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఆమె రెండుసార్లు కేకేసేదాకా లేవలేదు. నా పేరు నాకు దొరికింది. దండలతో కాదు, క్షమాపణలతో కాదు, దాహమేసి పిలిస్తే దొరికింది. ఇన్నేళ్ళు దీని కోసమేనా పళ్ళు నూరుకున్నాను అనిపించింది. అవును, దీని కోసమే. ఇంతకన్నా ఎక్కువ ఏం కావాలని అనుకున్నానో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

అలా అని అంతా చక్కబడిపోలేదు. ఇది జరిగి ఎనిమిది రోజులు. ఐదు రోజులు నేను పెద్దపాపని, మూడు రోజులు ఎవరో నర్సుని. చిట్టిని మాత్రం మళ్ళీ కాలేదు. ఎందుకంటే చిట్టి ఇంట్లో లేదని ఆమెకి ఇప్పుడు తెలిసిపోయింది. అదీ వచ్చిన తంటా. పొద్దున లేస్తే నీ గురించే. తిన్నదా, ఎక్కడ పడుకుంది, దాన్ని ఎవరైనా ఏమన్నా అంటున్నారా. ఒకప్పుడు పెద్దది బాగుపడకూడదు అన్న మనిషి, నిన్ను ఒక్క మాట అననివ్వడం లేదు. నాకు మండుతోంది. నిజం చెప్తున్నా, మండుతోంది. నీకు శిక్ష వేద్దామని ఆ ఖాళీ హాల్లో నిన్ను నిలబెట్టాను, అక్కడే నిలబడి నువ్వు మా అమ్మని మొత్తం నీ వైపు లాగేసుకున్నావు.

నిన్న జావ తాగనంది. "చిట్టి వచ్చాక తాగుతా" అని మొండికేసింది. నేనేం చెయ్యను? "వస్తోందమ్మా, గురువారం వస్తోంది" అన్నాను. అంతే, గ్లాసు ఖాళీ చేసింది. మూడు పూటల నుంచీ ఎవరొచ్చినా "మా చిన్నది గురువారం వస్తోంది" అని చెప్తోంది. నీలాగా నాకు కల్పన అలవాటు లేదు. ఆ పదహారు పేజీల తర్వాత ఇంకో కథ కట్టాను, ఇది కూడా నీ కోసమే కట్టాల్సి వచ్చింది, నా ఖర్మ.

కాబట్టి గురువారం. ఈ ఉత్తరం ఇవాళే కొరియర్లో వేస్తున్నాను, రేపటికి నీకు అందుతుంది. రాలేనని, మీటింగులున్నాయని అర పేజీ టైపు చేయించి పంపకు, చింపేస్తాను. నిన్ను క్షమించానని అనుకుని రాకు. క్షమించలేదు. నిన్ను చూడాలని నాకేం లేదు, ఆమెకుంది. నువ్వు మెట్లు ఎక్కి వచ్చేసరికి ఆమె వింటూ ఉంటుంది, నేను తలుపుకి ఇవతల నిలబడి ఉంటాను. తీస్తానో తియ్యనో నేనింకా తేల్చుకోలేదు. వచ్చి కొట్టి చూడు.

పెద్దపాప